ఊరి వ్యాసంలో గుడికి ఎంత చోటు?

తెలుగు వికీపీడియాలో గోదావరి డెల్టా ఊళ్ల పేజీలు వరసగా తెరిచి చూస్తే రెండు రకాలు కనిపిస్తాయి. మొదటి రకంలో జనాభా, బడులు, ఆసుపత్రి, కాలువ కింద సాగయ్యే హెక్టార్లు, దగ్గరి పట్టణానికి దూరం అన్నీ ఉంటాయి. గుడి ఉన్న జాడ మాత్రం ఉండదు. రెండో రకంలో గుడి తప్ప ఊరే ఉండదు. స్వామివారి మహిమ, దర్శన వేళలు, అన్నదానానికి విరాళమిచ్చినవారి పేర్లు, ధ్వజస్తంభ ప్రతిష్ఠ జరిగిన తేదీ, ఆ పైన ఒక ఫోన్ నంబరు.

మొదటి రకానికి కారణం తేలికగానే తెలుస్తుంది. ఊళ్ల వ్యాసాల్లో చాలా భాగం సమాచారం 2011 జనగణన గ్రామ వివరాల పట్టికల నుంచి వచ్చింది. ఆ పట్టికల్లో బడికి, బ్యాంకుకి, తపాలా కార్యాలయానికి, మురుగు కాలువకి గడులున్నాయి. గుడికి, చర్చికి, మసీదుకి లేవు. అంటే అక్కడ గుడి లేకపోవడం ఎవరో ఆలోచించి తీసుకున్న నిర్ణయం కాదు, పట్టికలో గడి లేక వచ్చిన ఖాళీ. ఆ ఖాళీ చూసి నొచ్చుకున్న ఊరివాళ్లు నింపిందే రెండో రకం. ఈ రెండు పక్షాలకూ చర్చా పేజీలో పేచీ వస్తే అది "మా గుడి గొప్పదా కాదా" అన్న దగ్గరికి చేరి అక్కడే కూలబడుతుంది. నిజానికి తేలాల్సినవి వేరే ఉన్నాయి.

రెండు వేర్వేరు ప్రశ్నలు

గుడికి విడిగా ఒక వ్యాసం ఉండాలా అన్నది ఒక ప్రశ్న. ఊరి వ్యాసంలో గుడి ప్రస్తావన ఉండాలా, ఉంటే ఎంత అన్నది మరొకటి. విషయ ప్రాముఖ్యత నియమం మొదటి ప్రశ్నకే వర్తిస్తుంది. ఏ అంశానికి సొంత పేజీ ఉండవచ్చో అది చెబుతుంది గానీ, ఉన్న పేజీలో ఏ వాక్యం ఉండాలో చెప్పదు. "ఈ గుడికి ప్రాముఖ్యత లేదు" అంటూ ఊరి వ్యాసంలోంచి రెండు వాక్యాలు తీసేయడం నియమాన్ని తప్పుచోట వాడడమే.

ఊరి వ్యాసంలోని వాక్యం దాటాల్సిన గడపలు రెండు. మొదటిది నిర్ధారత్వం: చదివేవారు సరిచూసుకోగల ప్రచురిత మూలం ఉండాలి. రెండోది మోతాదు: ఊరి గురించి బయటివాళ్లు రాసినదంతా ఒకచోట పెడితే అందులో గుడికి ఎంత వాటా వస్తుందో, వ్యాసంలోనూ దాదాపు అంతే రావాలి. మహిమ, భక్తుల సంఖ్య, ఊరివాళ్ల అభిమానం ఈ లెక్కలోకి రావు.

ద్రాక్షారామం లాంటి చోట మొదటి ప్రశ్నకు జవాబు వెతుక్కోనక్కర్లేదు. పంచారామాల్లో ఒకటి, కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం, దక్షిణ భారత శాసనాల 4వ సంపుటంలో పుటల కొద్దీ శాసనాలు, శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలో వర్ణించిన క్షేత్రం. విడి వ్యాసం ఉండి తీరాలి. అలాంటప్పుడు ఊరి వ్యాసంలో నాలుగు వాక్యాల సారాంశం, పైన "ప్రధాన వ్యాసం" లంకె సరిపోతాయి. ఈ చోట్లలో జరిగే పొరపాటు తిరగబడి ఉంటుంది: గుడి ఊరిని మింగేస్తుంది. అంతర్వేది పేరుతో ఉన్న పేజీలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణం గురించి పది పేరాలు ఉండి, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే తీరం గురించీ, అక్కడి వేట మీద బతికే జనం గురించీ రెండు ముక్కలు లేకపోతే అది ఊరి వ్యాసం అనిపించుకోదు. 2020 సెప్టెంబరులో అక్కడి రథం కాలిపోవడం రాష్ట్రమంతటా వార్త అయింది. దాని చోటు ఆలయ వ్యాసంలో. ఊరి వ్యాసంలో ఒక్క వాక్యం చాలు, అదీ తప్పనిసరి కాదు.

రెండో కొసన ఉన్నది రామాలయం. డెల్టాలో పేటకో రామాలయం ఉంటుంది. కాబట్టి "ఊళ్లో రామాలయం ఉంది" అన్న వాక్యం నిజమే అయినా పాఠకుడికి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఊళ్లో ఎన్ని ఉన్నాయి, ఏ పేటకు ఏది, పెద్దమనుషుల తగవులు, పంచాయతీ సమావేశాలు ఏ అరుగు మీద జరిగాయి అన్నవి ఎక్కడైనా అచ్చయి ఉంటే అప్పుడది సమాచారం.

ఈ రెంటికీ నడుమ ఉన్న గుళ్ల దగ్గరే అసలు విచక్షణ కావాలి. కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థానికి (జాతరకి) చుట్టుపక్కల 11 ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఇతివృత్తం ఇదే. తీర్థానికి విడి వ్యాసం న్యాయమే. ప్రభ పంపే పాలగుమ్మిలోనో ఇరుసుమండలోనో ఉన్న శివాలయానికి విడి వ్యాసం రాయడానికి మూలాలు చాలకపోవచ్చు. అయినా ఆ ఊరి వ్యాసంలో దాని పేరు, ప్రభ వెళ్లే సంగతి, తీర్థం వ్యాసానికి లంకె ఉండాలి. గుడి ఒంటరిగా తూగకపోయినా ఊరికి దానితో ఉన్న సంబంధం తూగుతుంది.

మూలాలు: ఏది దేనికి సాక్ష్యం

ఊరి గుడికి మూలం దొరకదన్న మాట చాలాసార్లు వెతక్కుండా అన్నదే. చూడాల్సినవాటిలో ముందుది 1961 జనగణనలో భాగంగా జిల్లాలవారీగా వెలువడిన జాతరలు, ఉత్సవాల సంపుటాలు. ఆంధ్రప్రదేశ్ వరసలో 7-బి భాగం. తాలూకావారీగా, ఊరివారీగా ఏ దేవుడు, ఏ తిథికి ఉత్సవం, ఎన్ని రోజులు, ఎవరు పూజారి, ఏ ఊళ్ల నుంచి జనం వస్తారు, ఏ అంగళ్లు పెడతారు అన్నవి అందులో ఉన్నాయి. అన్ని ఊళ్లూ లేవు. ఉన్న ఊళ్లకు మాత్రం ఇంతకు మించిన మూలం లేదు. ఒక జాగ్రత్త: ఆ వివరాలు ఊళ్లోని బడిపంతులు వంటి స్థానికుల దగ్గర సేకరించినవి. 1961 నాటికి ఉత్సవం ఎలా జరిగేదో చెప్పడానికి అవి గట్టి సాక్ష్యం. గుడి ఏ రాజు కట్టించాడో చెప్పడానికి కాదు.

పాత కట్టడం అన్న అనుమానం ఉంటే రాబర్ట్ సీవెల్ 1882లో వెలువరించిన మద్రాసు ప్రెసిడెన్సీ పురావశేషాల జాబితా మొదటి సంపుటం చూడాలి. తాలూకా కింద ఊరు, ఊరి కింద గుడి, శాసనం ఉంటే ఆ ముక్క. తర్వాత శాసన సంపుటాలు, శాసన శాఖ వార్షిక నివేదికలు. జిల్లా గ్రంథాల దగ్గర చాలామంది తడబడతారు. 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీరులో నరసాపురం, భీమవరం, తణుకు వైపు ఊళ్లు దొరకవు. 1904లో ఆ తాలూకాలు కృష్ణా జిల్లాకు వెళ్లాయి, 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడేదాకా అక్కడే ఉన్నాయి. ఆ వైపు ఊళ్ల కోసం 1878లో హెన్రీ మోరిస్ రాసిన గోదావరి జిల్లా వివరణ చూడాలి, లేదా సీవెల్ దగ్గరికే వెళ్లాలి. ఇది తెలియక "గెజిటీరులో లేదు, కాబట్టి గుడి పాతది కాదు" అని తేల్చేస్తే అది తప్పు తీర్పు. పేర్ల వర్ణక్రమం కూడా ఇంగ్లీషు పుస్తకాల్లో మారిపోతుంది: కాకినాడ "కొకనాడా" అవుతుంది. శాసనాల్లో ద్రాక్షారామం "దాక్షారామం". వెతికేటప్పుడు ఇవన్నీ వేసి చూడాలి. మండలాలు 1985లో వచ్చాయి కాబట్టి అంతకు ముందరి దేనిలోనైనా తాలూకా పేరుతో వెతకాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కాబట్టి ఇప్పటి జిల్లా పేరుతో పాత పుస్తకం దొరకదు.

ఒకే పేరున్న ఊళ్లు మరో ఉచ్చు. శాసన గ్రంథంలో "భీమవరం" అని కనబడగానే గునుపూడి సోమారామం ఉన్న భీమవరానికి అంటగడతారు. కానీ సామర్లకోటలో కుమారారామం ఉన్న చోటు పాత పేరూ భీమవరమే, చాళుక్య భీమవరం. శాసనం పక్కన ఏ తాలూకా రాశారో చూడకుండా ఎత్తిరాస్తే ఒక ఊరి చరిత్ర ఇంకో ఊరికి పోతుంది.

దేవాదాయ శాఖ జాబితా గుడి ఉనికికి, పాలనకు సాక్ష్యం. 1987 నాటి 30వ చట్టం 6వ సెక్షన్ కింద ఏడాది ఆదాయం 25 లక్షలు దాటితే 6(ఎ), 2 లక్షలకు పైన 25 లక్షల లోపు 6(బి), మిగిలినవి 6(సి). ఇది ఆదాయాన్ని బట్టి చేసిన విభజన మాత్రమే. "6(ఎ) ఆలయం కాబట్టి ప్రాచీనం" అని రాసిన వాక్యాలు కనిపిస్తూనే ఉంటాయి. ఏడు శనివారాల మొక్కుతో ఇటీవల వాడపల్లికి జనం ఎలా పోటెత్తారో చూస్తే, ఆదాయానికీ వయసుకూ సంబంధం లేదని తెలిసిపోతుంది.

ఇనాం రికార్డుల (పన్ను మినహాయింపుతో దానమిచ్చిన భూముల లెక్కల) సంగతి వేరు. 1858లో ఏర్పడిన మద్రాసు ఇనాం కమిషన్ తయారు చేయించిన రిజిస్టర్లలో గుడి మాన్యం విస్తీర్ణం, దానమిచ్చిన జమీందారు, పట్టా నంబరు ఉంటాయి. చరిత్ర రాసేవారికి అది బంగారం. విజ్ఞాన సర్వస్వానికి మాత్రం ముడి సరుకు: రిజిస్టరు నకలు తెచ్చి చదివి "కాబట్టి గుడి ఫలానా కాలానిది" అని తేల్చడం వికీ ఒప్పుకోని మౌలిక పరిశోధన (రాసేవారి సొంత నిర్ధారణ) కింద వస్తుంది. పైగా మాన్యం భూములు చాలా చోట్ల కోర్టు తగవుల్లో ఉంటాయి. ఎవరిదో ఒకరిదని ఊరి వ్యాసంలో రాయడం తగదు.

దినపత్రికల జిల్లా అనుబంధాలు డెల్టా ఊళ్ల వ్యాసాల్లో ఎక్కువగా కనిపించే మూలం. వాటితో రెండు ఇబ్బందులు. నాలుగేళ్లు పోతే ఆ పేజీ ఎక్కడా దొరకదు. దొరికినా అందులో ఉండేది "నేడు కల్యాణం", "రేపు కుంభాభిషేకం" రకం ప్రకటనే. అలాంటి కత్తిరింపులు ఇరవై పేర్చినా గుడి గురించి ఒక పేరా తయారవదు, తేదీల చిట్టా తయారవుతుంది. గుడి మీద విలేఖరి సొంతంగా వివరించి రాసిన ఒక్క కథనం వాటన్నిటికన్నా విలువైనది.

చివరిగా, వికీ నుంచే వెళ్లి తిరిగి వికీకే మూలంగా వచ్చేవి. పర్యాటక వెబ్‌సైటులో ఉన్న వాక్యం వికీ వాక్యంతో అక్షరదోషాల సహా సరిపోతే ఒకదాన్నుంచి మరొకటి ఎత్తుకున్నదే. పేజీ చరితంలో ఆ వాక్యం ఎప్పుడు చేరిందో చూసి, వెబ్‌సైటు పేజీ అంతకన్నా కొత్తదైతే పక్కన పెట్టేయాలి.

కాలం దగ్గర జారే కాళ్లు

"800 ఏళ్ల నాటి చోళుల ఆలయం." డెల్టాలో ఈ వాక్యం లేని శివాలయం కరపత్రం అరుదు. సరిచూడాల్సినవి ఇందులో మూడున్నాయి: శిల వయసు, విగ్రహం వయసు, కట్టడం వయసు. ఇవి ఒకటి కావు. ఒండ్రు నేల కావడంతో డెల్టా మధ్యలో రాయి దొరకదు, దూరం నుంచి తేవాలి. అందుకే ఇటుక, సున్నం కట్టడాలు ఎక్కువ. ఉప్పుగాలికి, వరదకి, తుపానుకి అవి నిలవవు, తిరిగి తిరిగి కడతారు. 1996 నవంబరు 6 తుపాను కోనసీమను తుడిచిపెట్టాక కట్టిన మంటపం లోపల పాత శాసన స్తంభం ఉండవచ్చు. అప్పుడు "ఆలయంలో ఫలానా శకవర్షపు శాసనం ఉంది" అనాలి. "ఆలయం ఫలానా శకవర్షంలో కట్టారు" అంటే ఆ శాసనం ఆ మాట చెప్పి ఉండాలి. దీపానికి గొర్రెలు దానమిచ్చిన శాసనం గుడి అప్పటికే ఉందని చెబుతుంది, ఎప్పుడు కట్టారో చెప్పదు.

శకవర్షానికి 78 కలిపితే క్రీస్తు శకం. జనవరి నుంచి ఉగాది దాకా పడే తిథులకు 79. కొన్ని శాసనాల్లో అంకెలకు బదులు మాటలుంటాయి, వాటిని వెనక నుంచి చదవాలి. "కర, శర, ఖ, ఇందు" అంటే 2, 5, 0, 1. వెనక నుంచి 1052, అంటే సుమారు క్రీ.శ. 1130. ముందు నుంచి చదివి 2501 అనుకున్నవారికి గుడి ఇంకా పుట్టనే లేదు. చాళుక్య విక్రమ వర్షం మరీ మోసకారి: అది 1076లో మొదలైంది కాబట్టి 48వ వర్షమంటే 1123. దాన్ని శకవర్షంగానో రాజు వయసుగానో తీసుకుంటే లెక్క ఎక్కడికో పోతుంది. సంపుటంలో సంపాదకుడు ఇచ్చిన తేదీనే వాడుకోవడం క్షేమం.

స్థలపురాణానికి వ్యాసంలో చోటుంది, పురాణంగానే. "స్థలపురాణం ప్రకారం" అని మొదలుపెట్టి రెండు వాక్యాల్లో చెప్పి, దాన్ని చరిత్ర పేరాలో కలపకుండా విడిగా ఉంచాలి. తారకాసురుడి కంఠంలోని లింగం ఐదు ముక్కలైన కథ పంచారామాల వ్యాసంలో ఒకసారి ఉంటే చాలు, ప్రతి ఊరి పేజీలో మళ్లీ అక్కర్లేదు.

అమ్మవారి గుడి ఎందుకు జారిపోతుంది

పైన చెప్పిన మూలాలన్నీ ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. శాసనం రాతిగుడికి ఉంటుంది, మాన్యం అర్చకత్వం ఉన్న గుడికి ఉంటుంది, పత్రికలో వార్త విరాళాలు వచ్చే గుడికి ఉంటుంది. పొలిమేరలో వేపచెట్టు కింద ఉన్న మరిడమ్మకో నూకాలమ్మకో సత్తెమ్మకో ఇవేవీ ఉండవు. ఊరి బతుకులో మాత్రం ఆవిడదే పెద్ద పీట. జాతర ఎప్పుడన్నది ఊరంతా కూర్చుని తేల్చుకుంటారు. గరగలు (అమ్మవారి పేర అలంకరించిన కుండలు) ఇంటింటికీ తిరుగుతాయి. ఎవరి ఇంటి నుంచి మొదటి కుండ వెళ్లాలన్నది తరాల వాడుక. కలరాను మరిడి అనేవారు, మరిడమ్మ కొలువు వెనక ఆ భయం ఉంది. ఊరి ఆరోగ్య చరిత్రలో అదొక పుట.

పత్రికలో ఫొటో పడింది కదా అని నిన్నగాక మొన్న కాంక్రీటు శిఖరం లేచిన గుడికి పేరా ఇచ్చి, అమ్మవారిని "ఇతర ఆలయాలు" అన్న ముక్కలో కలిపేస్తే వ్యాసం మూలాలకు కట్టుబడినట్టే కనిపిస్తూ ఊరిని తప్పుగా చూపిస్తుంది. ఇక్కడ 1961 ఉత్సవాల సంపుటం విలువ మరింత పెరుగుతుంది, గ్రామదేవతలను అది విడిచిపెట్టలేదు. విశ్వవిద్యాలయాల జానపద, మానవశాస్త్ర పరిశోధన గ్రంథాలూ వెతకదగ్గవి. వాడేటప్పుడు క్రియ కాలం చూసుకోవాలి. 1961లో నమోదైన జంతుబలిని "బలి ఇస్తారు" అని వర్తమానంలో రాస్తే, జంతు, పక్షి బలుల నిషేధ చట్టం 1950 నుంచి ఉన్న రాష్ట్రంలో, ఊరి మీద నేరం మోపినట్టవుతుంది. "1961 నాటి నమోదు ప్రకారం ఇచ్చేవారు" అనాలి.

పేరా ఎలా ఉండాలి

పనికిరాని నమూనా అందరికీ తెలిసిందే: "అతి పురాతనమైన, మహిమాన్వితమైన శ్రీశ్రీశ్రీ స్వామివారి దేవస్థానం గ్రామానికే తలమానికం. కోరిన కోర్కెలు తీర్చే స్వామిగా ప్రసిద్ధి." ఇందులో ఊరి పేరు మార్చి ఏ పేజీలో పెట్టినా అతుకుతుంది. అదే దాని దోషం.

ఊహించిన ఒక ఊరికి పనికొచ్చే పేరా ఇలా ఉంటుంది: "ఊరికి తూర్పున కాలువ గట్టు మీద శివాలయం, నడిబొడ్డున వేణుగోపాలస్వామి ఆలయం ఉన్నాయి. శివాలయ మంటపంలోని స్తంభం మీద శకవర్షం 1052 నాటి దీపదాన శాసనం ఉంది. ప్రస్తుత కట్టడం 1996 తుపాను తర్వాతిది. రెండు ఆలయాలూ దేవాదాయ శాఖ పాలనలో ఉన్నాయి. పొలిమేరలోని మరిడమ్మకు ఏటా జాతర జరుగుతుంది. చర్చి, మసీదు ఊరి దక్షిణపు పేటలో ఉన్నాయి." ప్రతి వాక్యం చివరా ఒక మూలం. ఏడెనిమిది పేరాల ఊరి వ్యాసంలో ఇలాంటిది ఒక్క పేరా చాలు.

ఉత్సవాన్ని తిథితో రాయాలి. అంతర్వేది రథోత్సవం మాఘ శుద్ధ ఏకాదశికి. అలా రాస్తే ఎప్పటికీ చెల్లుతుంది, ఫిబ్రవరి ఫలానా తేదీ అని రాస్తే మరుసటి ఏడాదికే తప్పవుతుంది. దర్శన వేళలు, టికెట్ ధరలు, హుండీ లెక్క, అర్చకుల, దాతల, కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉండకూడదు. శిలాఫలకం మీది పేర్లు శిలాఫలకం మీదే ఉండనివ్వాలి. దాన్నుంచి తీసుకోదగ్గది పునర్నిర్మాణం జరిగిన సంవత్సరం ఒక్కటే.

విభాగం పేరు "దర్శనీయ ప్రదేశాలు" అయితే చర్చికి, మసీదుకి, దర్గాకి చోటు దొరకడం కష్టమవుతుంది. రాసేవారూ యాత్రా కరపత్రం ధోరణిలోకి జారుకుంటారు. "ప్రార్థనా స్థలాలు" అంటే చిక్కు లేదు. కొలత అన్నిటికీ ఒకటే: మూలం ఉంటే వాక్యం. గుడికి కరపత్రం సరిపోతుందన్నవారు చర్చి శతాబ్ది సంచికను కాదనడానికి వీల్లేదు.

బొమ్మల విషయం క్లుప్తంగా. గాలిగోపురం, ధ్వజస్తంభం, బయటి శిల్పం సొంతంగా తీసినవైతే స్వేచ్ఛా లైసెన్సుతో ఎక్కించవచ్చు, కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ కట్టడాలకు, బహిరంగ శిల్పాలకు ఆ వెసులుబాటు ఇస్తుంది. గోడ మీద కొత్తగా వేసిన రంగుల చిత్రాలకు అది వర్తించదు. మూలవిరాట్టు ఫొటో, దేవస్థానం వెబ్‌సైటు ఫొటో వద్దు. శాసన స్తంభం ఫొటోకు మాత్రం అందరికన్నా ముందు చోటివ్వాలి. జీర్ణోద్ధరణల్లో శాసనాలకు ఎనామిల్ రంగు పూయడం, గడపరాయిగా పరచడం కొత్తేమీ కాదు.

ఇప్పటికే పేజీలో ఉన్న మూలాల్లేని గుడి వాక్యాలను ఒక్క వేటుతో తీసేయనక్కర్లేదు. ముందు మహిమ మాటలు, ఫోన్ నంబర్లు, పేర్లు తీసేయాలి, వాటికి గడువు ఇవ్వాల్సిన పని లేదు. మిగిలిన సమాచార వాక్యాలకు మూలం కావాలన్న మూస (హెచ్చరిక గుర్తు) తగిలించి, 1961 సంపుటం, సీవెల్ జాబితా, శాసన సంపుటాలు వెతకాలి. ఎక్కడా దొరకనిదాన్ని చర్చా పేజీకి మార్చి, ఏయే పుస్తకం ఏ తాలూకా కింద వెతికారో అక్కడే రాసి పెట్టాలి. తర్వాత వచ్చే మనిషి మళ్లీ గోదావరి గెజిటీరులో నరసాపురం కోసం వెతుక్కోకుండా ఉంటాడు.